టపాలో సంతకం: పాత బేస్‌బాల్ కార్డుల మీద ఆటగాళ్ల ఆటోగ్రాఫులు తెప్పించుకోవడం ఎలా

పాత బేస్‌బాల్ కార్డు మీద ఆ ఆటగాడి చేతి సంతకం కావాలంటే వేలంపాటకే పోనక్కర్లేదు. కార్డుని కవర్లో పెట్టి ఆయన ఇంటికి పోస్టు చేస్తే, సంతకం చేసి, మనం జతచేసిన రిటర్న్ కవర్లోనే వెనక్కి పంపుతారు. పంపకపోనూ వచ్చు. అమెరికా సేకర్తలు ఈ పద్ధతిని ‘త్రూ ద మెయిల్’ అంటారు, పొట్టిగా టీటీఎం. చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొని లోపలి క్రికెట్ కార్డుల కోసం కొట్లాడుకున్నవాళ్లకు ఈ పిచ్చి గురించి వేరే చెప్పక్కర్లేదు. బేస్‌బాల్ కార్డుల్లో పెద్దపేరైన టాప్స్ కూడా అసలు బబుల్‌గమ్ కంపెనీయే.

కవరు కట్టే ముందు అవతల ఎవరున్నారో ఒకసారి ఊహించుకోండి. ఎనభై దాటిన మనిషి. డైనింగ్ టేబుల్ మీద ఉత్తరాల కట్ట, పక్కన కళ్లజోడు, వేళ్లలో కాస్త వణుకు. ఆయనకు పని తగ్గించిన కవరు ముందు తెమిలిపోతుంది, పని పెంచింది పక్కన పడిపోతుంది. కార్డు ఎంపిక మొదలు కవరు జిగురు దాకా కింద చెప్పేదంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

పాతది అంటే ఎప్పటిది

సేకర్తల వాడుకలో 1980 దాకా వచ్చినవి పాత కార్డులు. 1956లో టాప్స్ తన పోటీదారు బౌమన్‌ని కొనేసింది. అక్కణ్నుంచి దాదాపు పాతికేళ్లు మార్కెట్ టాప్స్ గుప్పిట్లోనే ఉంది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ అనే కంపెనీలు రంగంలోకి దిగాక లెక్క మారింది. టీటీఎం చేసేవాళ్లకు ఇందులో కావాల్సిన సంగతి వయసు. 1950ల కార్డుల్లో ఉన్నవాళ్లలో ఇంకా బతికున్నవాళ్లు తొంభైకి అటూ ఇటూ ఉంటారు, 1960ల వాళ్లు ఎనభైల్లో, 1970ల వాళ్లు డెబ్బైల్లో. కాబట్టి జాబితాని ఇష్టం ప్రకారం కాకుండా వయసు ప్రకారం రాసుకోండి. అభిమాన ఆటగాడికి డెబ్బై రెండేళ్లయితే ఆయన కొన్నాళ్లు ఆగగలడు, పేరు కూడా గుర్తులేని తొంభై రెండేళ్ల పిచర్ (బంతి విసిరేవాడు) ఆగలేడు.

పాత సెట్లు, అంటే ఒక ఏడాది వచ్చిన కార్డులన్నీ, మొత్తం సంతకాలతో పూర్తి చేయాలనుకునేవాళ్లకు మరో చేదు నిజం ఎదురవుతుంది. సెట్‌లో అందరికంటే కష్టమైన సంతకం పెద్ద స్టార్‌ది కానక్కర్లేదు. హ్యారీ అగానిస్ అనే బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు 1955 టాప్స్ సెట్‌లో 152వ నంబరు కార్డు మీద ఉన్నాడు. అదే ఏడాది జూన్‌లో చనిపోయాడు. ఆ కార్డు చేతికొచ్చి సంతకం పెట్టడానికి ఆయనకు దొరికిన కాలం వారాల్లో లెక్క. 1962లో నేషనల్ లీగ్ ‘రూకీ ఆఫ్ ది ఇయర్’ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) అయిన కెన్ హబ్స్ 1964 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో పోయాడు. ఇలాంటివి టపాలో రావు, కొనాల్సిందే. మొదలుపెట్టే ముందే సెట్ జాబితా తీసుకుని పోయినవాళ్ల పేర్లు కొట్టేయండి, మిగిలినవే మీ పని.

ఏ కార్డు పంపాలి

మొదటి నియమం: పోతే బాధపడని కార్డే పంపాలి. పోస్టులో చిరగొచ్చు, ఆయన ఇంట్లో సొరుగులో ఉండిపోవచ్చు, రిటర్న్ కవరు తప్పిపోవచ్చు. మూలలు అరిగిన 1960ల మామూలు ఆటగాడి కార్డులు అమెరికా కార్డు షోలలో ఒకటి రెండు డాలర్లకు దొరుకుతాయి, అవే ఈ పనికి సరైనవి. కొత్తలా మెరిసే ఖరీదైన కార్డుని పంపడం రెండు విధాల నష్టం. పెన్ను గీత పడ్డ కార్డుని, కార్డు స్థితి చూసి మార్కులేసే గ్రేడింగ్ కంపెనీలు మామూలు లెక్కలో లోపంగా చూస్తాయి. పైగా రాకపోయే అపాయం ఎలాగూ ఉంది. మూలలు గుండ్రంగా అరిగినా ఫర్వాలేదు, సంతకం పడే చోట మడత గీత మాత్రం ఉండకూడదు. మడత దగ్గర పైపూత లేచిపోయి కాగితం బయటపడుతుంది, మార్కర్ సిరా ఆ పీచులోకి పాకి అక్షరం పక్కలకు ఉబ్బుతుంది.

రెండోది, సంతకానికి లేత రంగు చోటు ఉందా లేదా. కార్డుని చేయిచాచినంత దూరంలో పట్టుకుని చూడండి. తెల్ల జెర్సీ, లేత నీలం ఆకాశం, పసుపు నేపథ్యం కనిపిస్తే మంచిది. ముదురు చెట్లు, ఆటగాళ్లు కూర్చునే నీడ పడ్డ డగౌట్, నేవీ బ్లూ జెర్సీ అయితే నీలం మార్కర్ అందులో మునిగిపోతుంది. సెట్ల వారీగా చూస్తే, 1954 టాప్స్‌లో ఒకే రంగు సాదా నేపథ్యం ఉంటుంది, సంతకానికి చోటు బాగా దొరుకుతుంది. 1958 సెట్‌లోనూ సాదా రంగులే, కాకపోతే పసుపు మీద బాగా తేలే సంతకం ఎరుపు మీద తేలదు. 1953 బౌమన్ రంగుల సెట్ ముందువైపు పేరు, జట్టు ఏమీ ఉండవు, ఫోటో ఒక్కటే. సంతకాలకు అంతకంటే అందమైన పాత కార్డు లేదని చాలామంది అభిప్రాయం, మేమూ ఆ మాటకే ఓటేస్తాం. 1957 టాప్స్ రంగు ఫోటోలు బాగుంటాయి గానీ కొన్ని చీకటిగా ఉంటాయి, ఒక్కో కార్డు చూసే ఎంచుకోవాలి. 1971 సెట్ నల్ల అంచులు ఊరికే పెచ్చులు లేస్తాయి. సంతకం ఆ అంచు మీదికి జారితే కనిపించనే కనిపించదు.

మూడోది చాలామంది మరిచిపోతారు: అచ్చు సంతకం. 1952, 1954, 1955, 1956, 1959, 1967, 1971, 1975, 1977, 1980 టాప్స్ కార్డుల ముందువైపు ఆటగాడి సంతకం నకలు అచ్చయి ఉంటుంది. అసలు సంతకం దాని మీదే పడితే రెండూ కలిసి గందరగోళమైపోతాయి. ఇలాంటి కార్డు పంపితే ‘అచ్చు సంతకానికి దూరంగా, ఛాతీ భాగంలో’ అని ఉత్తరంలో ఒక్క ముక్క రాయాలి. నీలం సిరా అడగడానికి ఇదీ ఒక కారణం, నల్ల అచ్చు నుంచి అసలుని కంటితోనే విడదీయొచ్చు.

కొలత కూడా చూసుకోండి. 1957 నుంచి టాప్స్ కార్డు 2½ × 3½ అంగుళాలు. 1952 నుంచి 1956 దాకా వచ్చినవి 2⅝ × 3¾, కాస్త పెద్దవి. 1952 దాకా వచ్చిన బౌమన్లు చిన్నవి. ఇప్పటి కార్డు కోసం చేసిన ప్లాస్టిక్ తొడుగులోకి 1955 కార్డుని బలవంతంగా తోస్తే మూలలు నలుగుతాయి.

నలుగురు కొత్త ఆటగాళ్ల తలలు ఒకే కార్డు మీద ఉండే 1960ల రూకీ కార్డుల జోలికి మొదట్లో పోకండి. ఒక సంతకం వచ్చాక అదే కార్డుని రెండో మనిషికి పంపాలి, మూడో మనిషి వెనక్కి పంపకపోతే అంతకుముందు సంపాదించిన రెండూ పోతాయి.

కార్డుని సిద్ధం చేయడం

కొత్త తరం మెరుపు కార్డుల మీద మార్కర్ నిలవదని బేబీ పౌడర్ రుద్దే అలవాటు ఉంది. పాత కార్డులకు అది అవసరం లేదు, చేయకూడదు కూడా. వాటికి ఉండే బెడద మైనం. మైనపు కాగితం ప్యాకెట్లలో అమ్మినవి కాబట్టి కొన్నిటి మీద పలచటి మైనం పొర ఉంటుంది, పెన్ను దానిమీద జారుతుంది. కార్డుని వెలుతురుకి వంచి పట్టుకుంటే మరకలా కనబడుతుంది. మెత్తటి నైలాన్ మేజోడు వేలికి చుట్టుకుని, నొక్కకుండా, ఒకే దిశలో నాలుగైదు సార్లు తుడిస్తే వదులుతుంది. నీళ్లు, స్పిరిట్, రబ్బరు ఏవీ తగలనివ్వకండి.

అడ్రసు

ఇప్పటికీ కోచ్‌గానో, కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్‌గానో జట్టుతో ఉన్నవాళ్లకు ఆ జట్టు స్టేడియం అడ్రసుకు, ‘కేరాఫ్’ అని రాసి పంపొచ్చు. రిటైరైనవాళ్లకు ఇంటి అడ్రసే దారి. సేకర్తల కోసం అచ్చయ్యే అడ్రసు పుస్తకాలు, ఎవరు ఎన్ని రోజుల్లో జవాబిచ్చారో నమోదు చేసే సేకర్తల జాబితాలు ఉన్నాయి. అడ్రసు కంటే ముందు చూడాల్సింది చివరి జవాబు తేదీ. గత ఆరు నెలల్లో నాలుగు జవాబులు వచ్చిన అడ్రసుకు పంపడం వేరు, మూడేళ్లుగా ఒక్కటీ రాని అడ్రసుకు పంపడం వేరు.

ఆయన పిల్లలకు ఫోన్ చేయడం, తలుపు తట్టడం, వృద్ధాశ్రమంలో ఉన్న మనిషికి అక్కడికే కట్టలు పంపడం ఈ పనిలో భాగం కాదు. దొరికిన అడ్రసుని నలుగురికీ పంచకండి. భార్య పోయిన వార్త, ఆయన ఆస్పత్రిలో ఉన్న వార్త తెలిస్తే ఆ పేరుని కొన్ని నెలలు పక్కన పెట్టండి.

ఉత్తరం

ఒకే కాగితం, ఒకవైపే, చేతిరాత. మీ చేతిరాత ఎవరికీ అర్థం కాదంటే టైపు చేయండి, అక్షరాలు పెద్దవిగా. నల్ల సిరా, వరసల మధ్య ఖాళీ. పది వాక్యాలు దాటకూడదు. ఇంగ్లీషులో రాసే ఆ ఉత్తరం సారం ఇలా ఉండాలి:

“మిస్టర్ ఫలానా గారూ, 1965లో మీరు ఫలానా జట్టు మీద పదకొండు ఇన్నింగ్స్ పిచింగ్ చేసి గెలిచిన ఆట వివరాలు ఈమధ్యే చదివాను. ఆ రోజుల్లో పిచర్ అంతసేపు నిలబడేవాడంటే ఇప్పటి పిల్లలు నమ్మట్లేదు. వీలుంటే ఈ రెండు కార్డుల మీద సంతకం చేస్తారా? నీలం షార్పీ మార్కర్ ఉంటే సంతోషం, లేకపోతే బాల్ పెన్ను అయినా ఫర్వాలేదు. స్టాంపు అంటించిన రిటర్న్ కవరు జతచేశాను. మీ సమయానికి కృతజ్ఞతలు.”

ఆ పదకొండు ఇన్నింగ్స్ ఆట ఎక్కడ దొరుకుతుంది? రెట్రోషీట్ అనే వెబ్‌సైట్‌లో పాత ఆటల స్కోరు వివరాలు ఉచితంగా ఉంటాయి. అరగంట వెతికితే ఆయనకే గుర్తుకు తెప్పించే ఆట ఒకటి దొరుకుతుంది. అందరికీ తెలిసిన సంగతి రాయడం దండగ. 1960 వరల్డ్ సిరీస్ ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తాను కొట్టిన హోమ్ రన్ గురించి బిల్ మజరోస్కీకి ఎవరూ మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది. సెకండ్ బేస్ దగ్గర డబుల్ ప్లే (ఒకే దెబ్బలో ఇద్దర్ని ఔట్ చేయడం) తిప్పడంలో ఆయన చేతివేగం గురించి రాస్తే, ఆట తెలిసిన మనిషి రాశాడని అర్థమయ్యేది. ‘మీకు నేను అందరికంటే పెద్ద అభిమానిని’ అనే వాక్యం ఎక్కడున్నా కొట్టేయండి.

రెండు కార్డులకు మించి పంపకండి. ఆరు పంపితే అమ్మకానికని అనుమానిస్తారు, ఆ అనుమానం చాలాసార్లు నిజమే. అమ్మే ఉద్దేశం లేదని చూపడానికి సులువైన దారి, మీ పేరు రాసి సంతకం చేయమనడం. ‘టు రవి’ అని ఉన్న కార్డుకి మార్కెట్‌లో ధర తగ్గుతుంది, ఇచ్చేవాళ్లకు నమ్మకం పెరుగుతుంది. ఏ పేరు రాయాలో విడిగా పెద్ద అక్షరాల్లో రాయండి. మన పేర్ల స్పెల్లింగ్ వాళ్లకు కొత్త, ‘వెంకటసుబ్రహ్మణ్యం’ అని రాయమంటే కార్డులో చోటు చాలదు. పొట్టి పేరు ఇవ్వండి.

కొందరు ఆటగాళ్లు రుసుము తీసుకుంటారు, కొందరు ఆ డబ్బుని ధర్మకార్యాలకు ఇస్తారు. కార్డు సంతకం లేకుండా, ఇంత పంపండి అన్న చీటీతో తిరిగి రావడం మామూలే. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. ముందే తెలిస్తే చెక్కు జతచేయండి.

పెన్ను

సన్నమొన నీలం షార్పీ సేకర్తల మామూలు ఎంపిక. నల్లది ఫోటోలోని నీడల్లో కలిసిపోతుంది. 1950ల కార్డుల మీద ఆ కాలానికి తగ్గట్టు బాల్ పెన్ను సంతకమే అందమనేవాళ్లూ ఉన్నారు. బాల్ పెన్ను కాలానికి నిలుస్తుంది, కానీ కార్డుని నొక్కి గాడి చేస్తుంది, నున్నటి పూత మీద మధ్యమధ్య ఎగిరిపోతుంది. ఏదైనా సరే, పెన్నుని కవర్లో పెట్టి పంపకండి. ఉబ్బెత్తుగా ఉన్న కవరు యంత్రంలో చిరుగుతుంది, పెన్ను బయటికొచ్చి, దాంతోపాటు కార్డూ బయటికొస్తుంది.

కవరు కట్టడం

ఇక్కడ తొందరపడకండి. బయటి కవరు 10వ నంబరు, అంటే 4⅛ × 9½ అంగుళాలు. లోపలి రిటర్న్ కవరు 9వ నంబరు, 3⅞ × 8⅞. తొమ్మిది మడతపెట్టకుండా పదిలో పడుతుంది. రిటర్న్ కవరు కాగితం పట్టీ పీకి అంటించే రకం కొనండి. నాలుకతో తడిపే పని ఆ పెద్దాయనకు పెట్టొద్దు.

రిటర్న్ కవరు మీద ‘టు’ దగ్గరా మీ అడ్రసే, ‘ఫ్రమ్’ దగ్గరా మీ అడ్రసే. ఏ కారణంతో ఆగినా మీ ఇంటికే చేరుతుంది, ఆయన అడ్రసు బయటపడదు. కవరు మూత లోపలి అంచున పెన్సిల్‌తో ఆటగాడి పేరు చిన్నగా రాయండి. సంతకాల్లో సగం చదవలేనివి. ముప్పై కవర్లు పంపాక ఇది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తేల్చేది ఆ పెన్సిల్ గీతే.

సీరియల్ డబ్బా అట్టని 3½ × 5 అంగుళాల ముక్కలుగా రెండు కత్తిరించండి. కార్డు చుట్టూ పలచటి తెల్లకాగితం వదులుగా చుట్టి ఆ అట్టల మధ్య పెట్టి, గోడలకు రంగులేసేవాళ్లు వాడే నీలం పేపర్ టేపుతో ఒక్కచోట అంటించండి. టేపు చివర పావు అంగుళం లోపలికి మడిస్తే పీకడానికి పట్టు దొరుకుతుంది. సెల్లోటేపు వద్దు. అది ఊడదు, గోరుతో గీకితే కార్డుకి దెబ్బ. కార్డుని బిగుతైన ప్లాస్టిక్ తొడుగులో పెట్టి పంపడం కూడా వద్దు. వణికే వేళ్లతో తీయలేక తొడుగు మీదే సంతకం పెట్టి పంపినవి ఎన్నో. రెండు కార్డులైతే మధ్యలో ఇంకో కాగితం ముక్క ఉంచండి. సంతకం ఆరకముందే ఒకదాని మీద ఒకటి పెడితే మొదటి కార్డు సిరా రెండోదాని వీపున అచ్చు పడుతుంది. ‘కార్డుల మధ్య ఈ కాగితం వాడండి’ అని ఆ ముక్క మీదే రాసినా సరే.

అన్నీ సర్దడానికి ఒక వరుస ఉంది. ముందు రిటర్న్ కవరు, దాని ముందు అట్టల్లో కార్డు, ఈ రెండిటినీ చుట్టుకుంటూ మూడు మడతల ఉత్తరం. ఉత్తరం చుట్టుకుంటే కవరు పొడవునా మందం సమంగా ఉంటుంది, కార్డు అంచు దగ్గర మెట్టులా ఉబ్బదు. తపాలా యంత్రం రోలర్లు చింపేది ఆ మెట్టు దగ్గరే.

గట్టి ప్లాస్టిక్ పలకలాంటి టాప్‌లోడర్‌లో పెడితే ఇంకా భద్రం కదా అనిపిస్తుంది. కాదు. వంగని కవరు యంత్రంలో పోదు, విడిగా చేత్తో చూడాల్సిన రకం కిందికొస్తుంది, అదనపు రుసుము పడుతుంది. ఆ రుసుము కట్టకుండా యంత్రంలోకి వెళ్తే నలుగుతుంది, లేదా స్టాంపు చాలలేదని తిరిగొస్తుంది. టాప్‌లోడరే కావాలంటే అదనపు రుసుము కలిపి ఉండే సీతాకోకచిలుక బొమ్మ స్టాంపు అంటించండి. వెళ్లేటప్పుడు ఒకటి, రిటర్న్ కవరు మీద మరొకటి. ‘డు నాట్ బెండ్’ అని ఎర్రగా రాసినంత మాత్రాన యంత్రం చదవదు.

స్టాంపులు, తూకం

రెండు కవర్ల మీదా ఫరెవర్ స్టాంపులే వాడండి. 2025 జులైలో దాని ధర 78 సెంట్లయింది. ఒక్క స్టాంపు ఒక ఔన్సు ఉత్తరానికి సరిపోతుంది. ధర ఎన్నిసార్లు పెరిగినా పాత ఫరెవర్ స్టాంపు చెల్లుతుంది. జవాబు రెండేళ్ల తర్వాత వచ్చే పనిలో ఇది చిన్న విషయం కాదు. ధర అచ్చయిన మామూలు స్టాంపు అంటిస్తే ఈలోగా రేటు పెరిగి, రిటర్న్ కవరు పోస్టేజీ చాలక ఆగిపోవచ్చు.

తూకం వేయకుండా పంపకండి. ఔన్సు అంటే 28.35 గ్రాములు. బయటి కవరు 6, లోపలిది 5, ఉత్తరం నాలుగున్నర, రెండు కార్డులు మూడున్నర, అట్టలు రెండూ కలిపి 8 గ్రాముల దాకా. మొత్తం 27. అంటే అంచు మీదే ఉన్నారు. సంతకానికని ఖాళీ ఇండెక్స్ కార్డు ఒకటి చేర్చి, మందపాటి ఉత్తరం కాగితం వాడితే దాటేస్తుంది. 2025 జులై రేటు ప్రకారం దాటిన ఔన్సుకు 29 సెంట్లు. రిటర్న్ కవర్లో ఉత్తరం ఉండదు కాబట్టి 17 గ్రాములకు మించదు, ఒక స్టాంపు చాలు. మందం పావు అంగుళం దాటకూడదు. దాటితే అది ఉత్తరం లెక్కలోకి రాదు, రేటు వేరు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా పంపాలనుకునేవాళ్లకు మా సలహా ఒక్కటే: అమెరికాలో ఉన్న అన్నయ్యదో, వదినదో, స్నేహితుడిదో అడ్రసు రిటర్న్ కవరు మీద రాయండి. మన స్టాంపు అక్కడ చెల్లదు, అమెరికా దేశీయ స్టాంపు ఇండియా దాకా రాదు, సముద్రం దాటే కవర్లో కార్డుని వస్తువుగా చూస్తే కస్టమ్స్ కాగితాల గొడవ ఆయన నెత్తిన పడుతుంది. కార్డులు అమెరికాలోనే కొని అక్కణ్నుంచే పంపించి, పోగయ్యాక ఎవరైనా వచ్చేటప్పుడు తెప్పించుకోవడం మేలు.

ఎదురుచూపు

పంపిన రోజే పట్టికలో రాసుకోండి: తేదీ, ఆటగాడు, కార్డు సంవత్సరం, నంబరు, అడ్రసు ఎక్కడ దొరికింది. కార్డు ఫోటో రెండువైపులా తీసి పెట్టండి. కొందరు పది రోజుల్లో పంపుతారు, కొందరు ఏడాదికి. చలికాలంలో ఆలస్యమైతే కంగారుపడకండి. అమెరికా ఉత్తర రాష్ట్రాల పెద్దవాళ్లు చాలామంది ఆ నెలలు ఫ్లోరిడాలోనో అరిజోనాలోనో గడుపుతారు, ఉత్తరాలు ఇంటి దగ్గర పోగుపడతాయి. ఆరు నెలలు దాటకుండా రెండో ఉత్తరం రాయకండి.

మీరు పంపిన బయటి కవరే తిరిగొస్తే దానిమీది పసుపు చీటీ చదవండి. ‘అటెంప్టెడ్ నాట్ నోన్’ అంటే ఆ పేరుగలవాళ్లు ఆ ఇంట్లో లేరు, అడ్రసు తప్పో పాతదో. ‘అనేబుల్ టు ఫార్వర్డ్’ అంటే తపాలావాళ్ల దగ్గర కొత్త అడ్రసు నమోదై లేదు, లేదా అక్కడికి మళ్లించే గడువు దాటిపోయింది. ‘రిఫ్యూజ్డ్’ అంటే వద్దన్నారు, మళ్లీ రాయకండి. ‘డిసీజ్డ్’ గురించి చెప్పేదేముంది. బయటి కవరు మీద మీ రిటర్న్ అడ్రసు రాయకపోతే ఇవేవీ మీకు తెలియవు, కార్డూ రాదు.

వచ్చింది అసలుదేనా

టపాలో వచ్చింది కదా అని ఆయన పెట్టిందే అనుకోవడానికి లేదు. టెడ్ విలియమ్స్ లాంటి పెద్ద స్టార్ల పేరుతో ఆ రోజుల్లో క్లబ్‌హౌస్ (జట్టు డ్రెస్సింగ్ రూమ్) పనివాళ్లు సంతకాలు పెట్టేవారని సేకర్తలందరికీ తెలుసు. ఇంట్లోవాళ్లు పెట్టడం ఇప్పటికీ ఉంది. రబ్బరు స్టాంపూ ఉంది.

పదిరెట్ల భూతద్దంలో చూడండి. షార్పీ గీతలు ఒకదాన్నొకటి దాటినచోట రంగు ముదురుగా ఉండాలి, గీత మొదట్లో చివర్లో ఒత్తిడి మారాలి. రబ్బరు స్టాంపులో సిరా అంతటా ఒకే మందం, అంచుల దగ్గర చిన్న గట్టులా పేరుకుంటుంది. బాల్ పెన్ను అయితే కార్డుని వాలుగా పట్టి గాడి పడిందా అని చూడొచ్చు. యంత్రంతో పెట్టిన ఆటోపెన్ సంతకాలైతే రెండిటిని ఒకదానిమీద ఒకటి పెడితే గీతకు గీత కలుస్తుంది. మనిషి రెండుసార్లు ఒకేలా సంతకం చేయలేడు. తర్వాత నలుగురి ముందు పెట్టినట్టు తెలిసిన సంతకంతో పోల్చండి, అదీ అదే దశాబ్దానిది. 1970లో గుండ్రంగా రాసిన చేయి ఇప్పుడు వణుకుతూ కోసుగా రాస్తుంది. వణుకు దొంగ సంతకానికి గుర్తు కాదు. మరీ నున్నగా, పాతికేళ్ల కుర్రాడు రాసినట్టుంటేనే అనుమానించండి.

2011లో పోయిన హార్మన్ కిల్‌బ్రూ సంతకం ఈ లోకంలో కొలమానం. ప్రతి అక్షరం చదవొచ్చు. తన పాత జట్టు మినెసోటా ట్విన్స్ కుర్ర ఆటగాళ్లను కూర్చోబెట్టి, సంతకం పెడితే చదవగలిగేలా పెట్టండని చెప్పిన మనిషి ఆయన. 2023లో పోయిన బ్రూక్స్ రాబిన్సన్‌దీ అడిగినవాళ్లకు లేదనని చేయి. ఇలాంటివాళ్ల అసలు సంతకాలు విరివిగా దొరుకుతాయి కాబట్టి, కళ్లకు సాధన చేయించడానికి ఇవే పనికొస్తాయి.

అమ్మేటప్పుడు ధ్రువీకరణ కావాలంటే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ సంస్థలున్నాయి. ఒకటి రెండు డాలర్ల కార్డుకి ఆ రుసుము దండగ. దానికంటే తపాలా ముద్ర పడ్డ రిటర్న్ కవరుని పారేయకుండా కార్డుతోపాటు దాచండి. ఎప్పుడు, ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం అది. అబద్ధపు సంతకాలు ఎంత పెద్ద వ్యాపారమో తెలియాలంటే 1990ల చివర ఎఫ్‌బీఐ నడిపిన ఆపరేషన్ బుల్‌పెన్ చాలు. అందులో పట్టుబడ్డ సరుకులో మదర్ థెరిసా సంతకం ఉన్న బేస్‌బాల్ కూడా ఉంది.

దాచడం

కవరు విప్పగానే ప్లాస్టిక్‌లో పెట్టకండి. ఒక రోజంతా ఆరనిచ్చి, పీవీసీ లేని పలచటి తొడుగులో, ఆపైన టాప్‌లోడర్‌లో పెట్టండి. షార్పీ సిరాకి అన్నిటికంటే పెద్ద శత్రువు వెలుతురు. కిటికీ ఎదుట ఫ్రేము కట్టించి పెడితే నీలం వెలిసిపోయి, చుట్టూ పసుపు చారలా మిగులుతుంది. ఫ్రేములో చూసుకోవాలంటే రంగు నకలు తీసి అది పెట్టుకుని, అసలుని చీకటి డబ్బాలో ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, వానాకాలం ముందొకసారి మార్చాలి. రబ్బరు బ్యాండు ఎక్కడా వేయొద్దు.

సంతకం అందాక పోస్టు కార్డు మీద రెండు వాక్యాల కృతజ్ఞత రాసి పంపండి. కవర్లో పెట్టి పంపితే ఇంకో కార్డు పంపాడనుకుని ఆ కట్టలోనే పడేస్తారు.